ఏకాదశి నాడు పంతొమ్మిది వంటకాలు

పండుగ భోజనాన్ని కుదించడం మొదలుపెడితే సంస్కృతి కుదించుకుపోవడం మొదలైనట్టేనని గత సంచికలో మన సభ్యులొకరు రాశారు. ఆ వ్యాసాన్ని మగవారు చాలామంది మెచ్చుకున్నారని విన్నాను. ఆడవారేమన్నారో కనుక్కుందామంటే, ఆ మాట నడుస్తున్నంతసేపూ వారంతా వంటింట్లో ఉన్నారు.

వ్యాసకర్త మీద నాకు కోపమేమీ లేదు. వారింట్లో రెండుసార్లు భోంచేశాను. గుత్తివంకాయ కూర అమోఘం. కాని ఆ కూర వండినవారి సంతకం ఆ వ్యాసం కింద లేదు. అందుకే ఈ జవాబు.

నేను మాట్లాడేది సంక్రాంతి గురించో ఉగాది గురించో కాదు. ఈ దేశంలో మన ఇళ్ళలో జరిగే అసలైన పెద్ద పండుగ భోజనం థాంక్స్‌గివింగ్ నాటిది. ఒప్పుకోవడానికి మొహమాటపడతాం గాని నిజం అదే. ఉగాది 2024లో మంగళవారం వచ్చింది, 2026లో గురువారం. అటువంటప్పుడు పొద్దున్నే ఇంత వేపపువ్వు పచ్చడి నోట్లో వేసుకుని ఆఫీసుకు పరిగెత్తుతాం. సంబరం ఎప్పుడంటే, స్కూలు హాలు ఏ శనివారం దొరికితే ఆ శనివారం. నవంబరు నాలుగో గురువారం అలా కాదు. శుక్రవారం కూడా కలుపుకుంటే చాలామందికి నాలుగు రోజులు సెలవు. చికాగో నుంచి తమ్ముడు, కొలంబస్ నుంచి ఆడపడుచు, న్యూజెర్సీ నుంచి పెదనాన్నగారి అబ్బాయి, అందరూ ఆ నాలుగు రోజులకే వస్తారు. పండుగ ఈ దేశం వారిది, సెలవు అందరిది, చాకిరీ ఒక్కరిది.

2023 నవంబరు 23న మా ఇంట్లో జరిగినది చెబుతాను. మేముండేది డెట్రాయిట్ శివార్లలో. నేను ఆసుపత్రి లాబొరేటరీలో పనిచేస్తాను. బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి రెండు కుటుంబాలు వచ్చి ఉన్నాయి, మూడోది దారిలో ఉంది. మాతో కలిపి పదిహేడుమంది. గురువారం మధ్యాహ్నానికి నేను వండినవి ఇవి: మామిడికాయ పప్పు, ఉల్లి వెల్లుల్లి తగలని ఇంకో పప్పు, గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, బంగాళాదుంప కూర, సాంబారు, రసం, పులిహోర, కొబ్బరి పచ్చడి, గోంగూర పచ్చడి, పెరుగు పచ్చడి, గారెలు, బొబ్బట్లు, పరవాన్నం. మాంసం తినేవారికి కోడికూర, వేటకూర, బిర్యానీ. కారం ముట్టని పిల్లలకు మాకరోనీ, పళ్ళ కస్టర్డు. మొత్తం పంతొమ్మిది. అన్నం, అప్పడాలు, ఊరగాయలు లెక్కలోకి రావు. పైగా వచ్చినవారు ఒక్క భోజనానికి వచ్చి వెళ్ళరు. బుధవారం రాత్రి నుంచి ఆదివారం పొద్దున టిఫిను దాకా పదకొండు పూటలు. గురువారం మధ్యాహ్నం అందులో ఒకటి మాత్రమే.

గారెలు రెండో వాయి వేస్తుండగా పొగ అలారం మోగింది. హాల్లో ఉన్నవారు చప్పట్లు కొట్టారు. (ఈ దేశంలో వంటింటి మంటలు ఏడాది మొత్తం మీద ఎక్కువగా అంటుకునేది థాంక్స్‌గివింగ్ నాడేనని అగ్నిమాపక శాఖలవారు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. చప్పట్లు కొట్టేవారు అది చదవరు.) హాల్లో టీవీ ముందు పదిమంది. డెట్రాయిట్ లయన్స్ జట్టు థాంక్స్‌గివింగ్ నాడు ఆడటం 1934 నుంచి వస్తున్న ఆనవాయితీ. దానికి ఆటంకం కలగకూడదు గదా! ఆ రోజు లయన్స్ ఓడిపోయారు. నాకు కొంచెం తృప్తిగా అనిపించిందని చెప్పడానికి సిగ్గుపడను.

మా అత్తయ్యగారు అప్పుడు ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకు ఆ రోజు ఉపవాసం. అది కార్తీక శుద్ధ ఏకాదశి. విష్ణుమూర్తి నాలుగు నెలల నిద్ర నుంచి లేచే రోజని మనవారు ప్రత్యేకంగా పాటించే ఏకాదశి. పంచాంగం మా ఇంట్లో గోడకే ఉంది. నేను చూడలేదు. ఆవిడ ఒక అరటిపండు, గ్లాసుడు పాలు తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని నన్ను చూస్తూ ఉన్నారు. నేను పోపు వేస్తుంటే అడిగారు:

"అమ్మాయ్, ఇవాళ ఏకాదశి. ఇంత వంట ఎవరి కోసం?"

"అందరి కోసం అత్తయ్యగారూ."

"అందరూ అక్కడున్నారు. ఇక్కడ నువ్వొక్కదానివే గదా ఉన్నావు."

ఆవిడ దెప్పిపొడవలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. ఆవిడ అత్తవారింట పెద్ద వంటలు చేసిన మనిషి. సంక్రాంతికి భోగి, పండుగ, కనుమ మూడు రోజులు. పిండివంటలు నెల ముందు నుంచి. పిండి కొట్టడానికి మనుషులు, రుబ్బడానికి తోడికోడళ్ళు, తరగడానికి ఆడపడుచులు, నీళ్ళు తోడటానికి పాలేర్లు, మరీ ఎక్కువమందైతే వంట బ్రాహ్మణుడు. ఒక్క మనిషి నిలబడి పదిహేడుమందికి పంతొమ్మిది రకాలు చేయడం ఆవిడ డెబ్భయ్యెనిమిదేళ్ళ జీవితంలో ఎక్కడా చూడలేదు. వ్యాసకర్తగారు సంప్రదాయం అంటున్నది దీన్ని. వంటల జాబితా విమానం ఎక్కి మనతో వచ్చింది. చేతులు ఊళ్ళోనే ఉండిపోయాయి. పది జతల చేతులు చేసిన పనిని ఒక్క జతకు అప్పగించి దాన్ని పూర్వాచారం అనడం చరిత్ర కూడా కాదు, లెక్క కూడా కాదు.

ఇంకో మాట. పాతకాలపు వంటిల్లు స్వర్గమని నేను అనడం లేదు. ఆ పది జతల చేతుల్లో ఎన్ని ఇష్టంగా పనిచేశాయో, ఎన్నిటికి సరైన కూలి ముట్టిందో అడిగితే ఆ కథ వేరే ఉంటుంది. నేనంటున్నది ఇంతే: ఆ రోజుల్లో అది ఒక్కరి పని కాదు.

సరే, ఎవరి పండుగను చేస్తున్నామో వారైనా ఇలా చేస్తున్నారా? 1621లో ప్లిమత్‌లో జరిగిన మొదటి విందు గురించి పిల్లలకు స్కూల్లో చెబుతారు. అప్పటికి ఆ వలసవారిలో బతికి బట్టకట్టిన పెళ్ళయిన ఆడవారు నలుగురే. వాంపనోగ్ మనుషులు తొంభైమంది దాకా వచ్చారు. వారు ఊరికే రాలేదు, అయిదు జింకలను కొట్టి తెచ్చారు. అతిథులు తమ వంతు తెచ్చుకున్న భోజనం అది. (ఆ వాంపనోగ్ వారి సంతతి ఇప్పుడు ఆ రోజును ఏమనుకుంటారో కూడా తెలుసుకోవాలి. 1970 నుంచి ఏటా ఆ గురువారమే ప్లిమత్‌లో సంతాప దినం జరుపుతున్నారు.) 1863లో లింకన్ ప్రకటన తరువాత అది దేశం మొత్తానికి పండుగ అయింది. ఇప్పుడు అమెరికన్ల బల్ల మీద కనిపించే చిక్కుడుకాయల కాసరోల్ ఏ అమ్మమ్మా చెప్పిన వంట కాదు. 1955లో కాంప్‌బెల్ సూపు కంపెనీ వంటశాలలో డోర్కస్ రైలీ అనే ఉద్యోగిని తయారుచేసినది. డబ్బా సూపు, చిక్కుడుకాయలు, వేయించిన ఉల్లిపాయలు. కలిపి ఓవెన్లో పెట్టడమే. 1972లో పొయ్యి మీద కాసేపట్లో అయిపోయే స్టఫింగ్ పొట్లం వచ్చింది. 1981లో టర్కీ వండటం చేతకానివారు ఫోను చేసి అడగడానికి బటర్‌బాల్ కంపెనీ ఒక నంబరే పెట్టింది. వారి ఆడవారు ఉద్యోగాలకు వెళ్ళారు, వంట తగ్గించుకున్నారు, తగ్గించిన వంటనే సంప్రదాయం అన్నారు, ఎవరూ నామోషీ పడలేదు. మనం వారి సెలవు తీసుకున్నాం గాని ఆ తెలివి తీసుకోలేదు.

"పాట్‌లక్ పెట్టుకుంటున్నాం గదా" అంటారు. మన పాట్‌లక్ సంగతి నాకు తెలియనిదా? ఇల్లుగల ఆవిడ 'మెయిన్ ఐటమ్స్ నేను చూసుకుంటాను' అంటుంది, ఎందుకంటే అనకపోతే బాగుండదు. మిగతావారు మూడు గిన్నెల గులాబ్ జామూన్, నాలుగు సీసాల కోకాకోలా, ఒక పూలగుత్తి తెస్తారు. "హోటలు నుంచి అల్యూమినియం ట్రేలు తెప్పిస్తే సరి" అనేవారున్నారు. ట్రేలు తెప్పించేవారిని నేనేమీ అనను, చేతులు కాలవు. కాని అక్కడా పోటీయే. వారు ఆరు ట్రేలు పెట్టారు, మనం ఎనిమిది పెట్టాలి. సోమవారానికి సగం చెత్తబుట్టలో. వంట భారం పోయింది గాని, అసలు జబ్బు పోలేదు. ఆ జబ్బు పేరు 'ఏమనుకుంటారో'.

ఆ శుక్రవారం పొద్దున జరిగినది కూడా చెప్పాలి. అది క్షీరాబ్ది ద్వాదశి. ఇంట్లో అందరూ పడుకుని ఉన్నారు. అత్తయ్యగారు లేచి స్నానం చేసి, తులసి కుండీ పక్కన ఉసిరి కొమ్మ పెట్టాలి గనక, కొమ్మ దొరకదు గనక, ఫ్రీజరులోంచి నాలుగు ఉసిరికాయలు తీసి గిన్నెలో పెట్టి దీపం వెలిగించారు. పారణకు అన్నం, పెసరపప్పు, పెరుగు పచ్చడి చేశారు. నలభై నిమిషాల పని. నిన్నటి పంతొమ్మిదీ ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఆవిడ వాటివైపు చూడలేదు. వాసనకు ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఎవరూ బల్ల సర్దలేదు. రాత్రి బట్టల్లోనే వంటింటి నేల మీద చతికిలబడి, ఆవిడ కలిపి పెడుతుంటే తిన్నారు, పిల్లలతో సహా. మాకరోనీ కావాలని ఒక్కరూ అడగలేదు. నేనూ వారి మధ్యనే కూర్చున్నాను. ఆ నాలుగు రోజుల్లో నేను కూర్చుని తిన్న భోజనం అదొక్కటే.

అక్కడి నుంచి నా ఆలోచన మొదలైంది. కార్తీకంలో మనకు సెలవు భోజనం ఒకటి ఉండనే ఉంది: వనభోజనం. మా కోనసీమ వైపు వన సమారాధన అనేవారు. మా చిన్నప్పుడు ఎడ్లబండి మీద గుండిగలు, బియ్యం, కంద దుంపలు వేసుకుని కొబ్బరితోటకు వెళ్ళేవాళ్ళం. పొయ్యికి రాళ్ళు పేర్చేది తాతయ్య. కంద చెక్కేది బాబాయిలు. చేతులు దురదపెట్టి చింతపండు రాసుకుని గంతులు వేసేవారు, మేము నవ్వేవాళ్ళం. నాయనమ్మ ఉసిరి మొదట్లో దీపం పెట్టి, అక్కడే వేరు మీద కూర్చుని అందరికీ పనులు పురమాయించేది. కంద బచ్చలి కూర, పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. అంతే. విస్తళ్ళు వేసి ఎవరికి తోచినట్టు వారు వడ్డించుకునేవారు. ఆ భోజనానికి ఇల్లాలు లేదు, అతిథీ లేడు. ఇల్లే లేదు గనక. కూరలు తక్కువయ్యాయని అక్కడ ఎవరూ ముఖం ముడుచుకోలేదు. పండుగకు ఆడంబరం తప్పనిసరి అనేవారు మన పండుగల్లోనే ఈ ఒక్కదాన్ని మరిచిపోవడం నాకు ఆశ్చర్యం.

(కులానికొక వనభోజనం పెట్టుకునే అలవాటు మన రాష్ట్రాల్లో బాగా పెరిగింది. చెట్టు కింద కూర్చుని కూడా గోడలు కట్టుకోగల సమర్థులం. దాన్ని మాత్రం ఇక్కడికి దిగుమతి చేయవద్దని మన కార్యవర్గానికి మనవి.)

మిషిగన్‌లో నవంబరు చివర ఉసిరి చెట్టు లేదు, చెట్టు కింద కూర్చునే వాతావరణమూ లేదు. మాకు బేస్‌మెంటు ఉంది. 2024 థాంక్స్‌గివింగ్ నవంబరు 28న వచ్చింది, ఇంకా కార్తీకమే. వచ్చేవారందరికీ మూడు వారాల ముందే చెప్పాను: గురువారం మా ఇంట్లో వనభోజనం, దుప్పట్ల మీద కూర్చోవడం, కాళ్ళు ముడుచుకోలేనివారికి కుర్చీలు. వంటకాలు నాలుగు. ఒక్కో కుటుంబం ఒక్కటి, అందరికీ సరిపడా. రెండోది తేవద్దు. ఎవరు తెచ్చింది వారే వడ్డించాలి. గురువారం పొయ్యి మీద అన్నం తప్ప ఏదీ ఎక్కదు. మాంసం కావాలనేవారికి శనివారం ఉంది, మగవారు పెరట్లో కాలుస్తారు. మిగతా పూటలకు బ్రెడ్డు, ఉప్మా. ముందు లేచినవారు చేస్తారు.

మావారికి మొదట నచ్చలేదు. "వాళ్ళు ఆరువందల మైళ్ళు కారు నడుపుకుని వస్తే పెరుగన్నం పెడతామా?" అన్నారు. పులిహోర మీ వంతు అన్నాను. నోరు మెదపలేదు. తరువాత ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మగారికి ఫోను చేసి చింతపండు ఎంత, ఇంగువ ఎంత అని రాసుకున్నారు. మా అమ్మాయి పక్కన నిలబడి పోపు వేసింది. పదహారేళ్ళ పిల్ల, అంతకుముందు ఏ థాంక్స్‌గివింగ్‌కూ వంటింట్లోకి వచ్చిన పాపాన పోలేదు. రానిచ్చింది ఎవరు? నాకు తీరిక ఉంటే గదా నేర్పడానికి! 'తప్పుకో, అడ్డం రాకు' అన్నది నేనే. పిల్లలకు సంస్కృతి అందాలంటే వంటకాలు పెరగాలని వ్యాసకర్తగారి వాదన. మా ఇంట్లో పంతొమ్మిది వండిన ఏళ్ళలో పిల్ల నేర్చుకున్నది సున్న. నాలుగు వండిన ఏడు పులిహోర వచ్చింది. కొంచెం పులుపెక్కువైన మాట నిజమే.

కంద ఈ దేశంలో ముక్కలు చేసి గడ్డకట్టించి అమ్ముతారు, బచ్చలీ అలాగే దొరుకుతుంది. బాబాయిల దురద కూడా మనకు లేదు. పన్నెండింటికి మొదలుపెట్టి రెండున్నరకు లేచాం. గిన్నెలు కడగడానికి ఉన్నవి ఆరు. మధ్యాహ్నం అందరం ఆట చూశాం. లయన్స్ ఎలా ఆడతారో ఇన్నేళ్ళలో నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

అంతా సుఖంగా జరిగిందని చెబితే అబద్ధం. ఏటా మా ఇంటికి వచ్చే ఒక కుటుంబం ఆ ఏడు రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు చేశారు. తరువాత ఆవిడ వేరే వారింట్లో "మమ్మల్ని దుప్పటి మీద కూర్చోబెట్టి పులిహోర పెడతారట, అంత బరువయ్యామా" అన్నారని తెలిసింది. పదిహేనేళ్ళ స్నేహం. మా అమ్మాయి పుట్టినరోజులన్నిటికీ కేకు కోసినప్పుడు పక్కన నిలబడ్డ మనిషి. ఆవిడ ఇంట్లో ఇప్పటికీ ఇరవై రకాలు వండుతారు. ఆవిడ భుజం నొప్పికి మందులు వాడుతున్నారని కూడా నాకు తెలుసు. తక్కువ వండి ఎదుటివారిని అవమానించాననుకున్నారు. ఎక్కువ వండి తన్ను తాను ఏం చేసుకుంటున్నారో ఆవిడతో అనే చనువు నాకు ఇప్పుడు లేకపోయింది. ఈ పద్ధతికి నేను చెల్లించిన ధర అది. తక్కువేమీ కాదు.

2025లో థాంక్స్‌గివింగ్ మార్గశిరంలో పడింది. కార్తీకం వెళ్ళిపోయింది గనక ఇక వనభోజనం కుదరదని, మళ్ళీ పాత పద్ధతికి రావచ్చని ఒకరిద్దరు సంతోషించారు. నేను ఒప్పుకోలేదు. చెట్టు లేకుండా చేసినవాళ్ళం, నెల లేకుండా చేయలేమా? 2026లో థాంక్స్‌గివింగ్ నవంబరు 26. కార్తీక పౌర్ణమి రెండు రోజుల ముందు. పంచాంగం కూడా మనవైపే ఉంది.

మన సంఘం తరఫున ఆ మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం వనభోజనం పెట్టుకుందామని ప్రతిపాదిస్తున్నాను. కార్యవర్గం ఒప్పుకుంటే ఏదైనా హాలు, లేకపోతే మా బేస్‌మెంటు. కంద బచ్చలి నేను తెస్తాను. పులిహోర మావారిది. పెరుగన్నానికి, పచ్చడికి మనుషులు కావాలి, పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి. మగవారి పేర్లకు ప్రాధాన్యం. దుప్పటి, పళ్ళెం ఎవరివి వారు తెచ్చుకోవాలి. గారెలు తెచ్చేవారిని గుమ్మం దగ్గరే ఆపుతాం.

వదినగారూ, మీరు ఈ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారని నాకు తెలుసు. మీ పేరు నేనెవరికీ ఇవ్వలేదు, మీ వంతు వంటకం కూడా ఏదీ లేదు. ఉత్త చేతులతో రండి. గోడవైపు కుర్చీ వేసి ఉంచుతాను, భుజానికి దిండు కూడా పెడతాను.